ఇనుప కొండ నుండి నెత్తుటి బొట్టు వరకు

(ప్రసంగ పాఠం)



బస్తర్ అనగానే దండకారణ్యం, ఇంద్రావతీ నది, చిత్రకోట్ జలపాతం, దంతేవాడలోని దంతేశ్వరీ ఆలయం స్మరణకు వస్తాయి. చరిత్ర చదివినవారికి ఓరుగల్లు కూడా జ్ఞాపకం వస్తుంది. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్ళి ఆ సీమలో రాజ్యం స్థాపించినాడని అక్కడి రాజవంశపు సంప్రదాయం చెబుతున్నది. నేటి ప్రసంగానికి విషయం ఇవేవీ కావు. ఆ సీమ ఇనుము విషయం. ఇనుమును కంటికి కనిపించనంత సూక్ష్మమైన రేణువులుగా చేసి, వాటికొక తొడుగు తొడిగి, రోగి రక్తంలోకి పంపే విద్య ఒకటి గత కొన్ని దశాబ్దాలుగా పెరుగుతూ వస్తున్నది. ఆ విద్య ఏమిటి, దానికి ఇనుప కొండల నీడన ఉంటూ జ్వరంతోను రక్తహీనతతోను బాధపడే ప్రజలతో సంబంధమేమిటి అన్నది ఇక్కడి ప్రశ్న.

ముందుగా కొండను చూద్దాం. దంతేవాడ జిల్లాలో ఉత్తర దక్షిణాలుగా సాగిన పర్వతశ్రేణికి బైలాడిలా అని పేరు. 'బైలా' అనగా ఎద్దు, 'డిలా' అనగా మూపురం. దూరం నుండి చూచినవారికి పేరు ఎందుకు వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మూపురమంతా ఇనుప ఖనిజమే. అందులోనూ నూటికి అరవై అయిదు పాళ్ళకు మించి ఇనుమున్న శ్రేష్ఠమైన ఖనిజం. 1958లో ఏర్పడి, హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో కిరండూల్ వద్ద మొదటి యాంత్రిక గనిని, 1977లో బచేలీ వద్ద రెండవ దానిని ఆరంభించినది. జపాన్ ఉక్కు కర్మాగారాలతో 1960లో కుదిరిన ఒప్పందం దీనికి మూలం. ఆ ఖనిజం కోసమే కిరండూల్ నుండి కొత్తవలస వరకు, కోరాపుట్ కొండల మీదుగా, అరకు లోయ గుండా, సొరంగాల వెంట సొరంగాలు తొలిచి రైలుమార్గం వేశారు. అరకుకు విహారయాత్ర వెళ్ళే తెలుగువారు కిటికీలోనుండి చూచి ముచ్చటపడే ఆ సొరంగాలు విహారం కోసం పుట్టినవి కావు. విశాఖ రేవుకు ఎర్రరాయి చేర్చడానికి పుట్టినవి.

రాయి రైలెక్కి వెళ్ళినది. రాతి పొడి మరొక దారిన వెళ్ళినది. ఈ శతాబ్ది తొలి దశాబ్దంలో కిరండూల్ నుండి విశాఖపట్నానికి సుమారు 267 కిలోమీటర్ల పొడవున ఒక గొట్టపుదారి నిర్మించారు. మెత్తగా నూరిన ఖనిజాన్ని నీటితో కలిపి, చిక్కని ముద్దనీరుగా చేసి, ఆ గొట్టంలో పారిస్తారు. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. పారినంత సేపూ పొడి నీటిలో తేలుతూ ఉంటుంది. ప్రవాహం ఆగినదా, ఇనుము బరువైనది గనుక అడుగుకు దిగి గడ్డకడుతుంది. కుండలో సున్నపు నీరు నిలవ ఉంచినప్పుడు ప్రతి ఇల్లాలూ చూచే సంగతే ఇది. ఈ చిక్కును ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఎందుకంటే మనిషి రక్తనాళమూ ఒక గొట్టపుదారే. అందులో ఇనుప రేణువులను పంపదలచిన శాస్త్రజ్ఞునికి మొట్టమొదట ఎదురైన ప్రశ్న కూడా ఇదే: పొడి అడుగంటకుండా, ఒకదానితో ఒకటి అంటుకొని ముద్దకాకుండా ఎలా ఉంచడం?

అసలు ఇనుప రేణువును రక్తంలోకి పంపడం ఎందుకన్న సందేహం రావడం సహజం. దీనికి జవాబు అయస్కాంతంలో ఉన్నది. మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. సంస్కృతం నుండి తెలుగు తీసుకున్న మాట 'అయస్కాంతం': అయస్సు అనగా ఇనుము, దానికి ప్రియమైనది కాంతం. హిందీవారు ఇదే వస్తువును 'చుంబక్' అంటారు. ముద్దుపెట్టుకొనేది అని అర్థం. తెలుగులో ప్రేమ దూరం నుండే పనిచేస్తున్నది. హిందీలో తాకితే గాని తీరదు. భౌతికశాస్త్రం తెలుగు పక్షాన ఉన్నదనే చెప్పాలి. తాకకుండానే, చర్మానికీ మాంసానికీ అవతల నుండి పనిచేయగల బలాలు ప్రకృతిలో తక్కువ. కాంతి కొద్దిదూరం పోయి ఆగిపోతుంది. అయస్కాంత క్షేత్రం మాత్రం శరీరాన్ని ఇంచుమించు గాలిని దాటినట్లే దాటిపోతుంది. కాబట్టి శరీరం లోపల అయస్కాంతానికి బదులు పలికే పదార్థం ఒకటి ఉంటే, బయట నుండి దానిని చూడవచ్చు, కొంతవరకు లాగవచ్చు, వేడి చేయవచ్చు.

అటువంటి పదార్థాలలో ముఖ్యమైనది మాగ్నటైటు. ఇనుమూ ప్రాణవాయువూ కలిసిన నల్లని ఆక్సైడు ఇది. బైలాడిలాలో విస్తారంగా ఉన్నది దీనికి దాయాది అయిన హెమటైటు. ఎర్రటి పొడినిచ్చేది, అయస్కాంతానికి అంతగా లొంగనిది. కాని ఎరుపు నలుపుగా మారడం బస్తర్‌లో కొత్త సంగతి కాదు. ఆ అడవులలో పూర్వం మట్టి కొలిమి కట్టి, బొగ్గు పేర్చి, కాలితో తిత్తులు తొక్కుతూ ఇనుము కరిగించేవారు ఉండేవారు. బొగ్గు వేడికి ఎర్రరాయి తనలోని ప్రాణవాయువును కొంచెం కొంచెంగా కోల్పోతూ మొదట నల్లని మాగ్నటైటుగా మారి, తరువాతనే ఇనుమవుతుంది. నేడు కొండగావ్‌లో దీపపుసెమ్మెలు, జింకలు, నాట్యమాడే బొమ్మలు చేసే కమ్మరులు ఎర్రగా కాలిన ఇనుమును సమ్మెటతో కొట్టినప్పుడు దాగలి చుట్టూ నల్లని పొట్టు రాలుతుంది. ఒక అయస్కాంతాన్ని అందులో పెడితే పొట్టు గుత్తులుగా అంటుకొని వస్తుంది; అందులో మాగ్నటైటు ఉండడమే దానికి కారణం. వైద్య పరిశోధకుడు వాడే పదార్థమూ ఆ కమ్మరి కొట్టపు పొట్టులోని పదార్థమూ రసాయనికంగా ఒకటే. తేడా పరిమాణంలో ఉన్నది. పరిమాణం మారితే గుణం మారుతుందన్నదే ఈ విద్యకంతకూ ఆయువుపట్టు.

బైలాడిలాలోనే 'నీలి ధూళి' అని గనివారు పిలిచే సన్నని, మిక్కిలి శుద్ధమైన హెమటైటు పొడి దొరుకుతుంది. దాని నుండి అతిశుద్ధమైన ఫెర్రిక్ ఆక్సైడును తయారుచేసే పనిని జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ పరిశోధకులు చేపట్టారు. అటువంటి ఆక్సైడు రేడియోలు మొదలైన పరికరాలలో వాడే ఫెర్రైటు అయస్కాంతాలకు ముడిసరకు. అది పరిశ్రమ మార్గం. వైద్యం మార్గం వేరు. దానికి కావలసిన రేణువును రాతిని నూరి కాదు, ద్రావణం నుండి పుట్టించి తీసుకుంటారు.

నానోమీటరు అనగా మీటరులో వందకోట్లవ వంతు. రక్తంలోని ఎర్రకణం అడ్డుకొలత సుమారు ఏడెనిమిది వేల నానోమీటర్లు. పది నానోమీటర్ల మాగ్నటైటు రేణువులను వరుసగా పేర్చితే ఒక్క ఎర్రకణం అడ్డంగా ఏడెనిమిది వందలు పడతాయి. ఇంత చిన్నదైనప్పుడు అయస్కాంతానికి ఒక విచిత్రగుణం వస్తుంది. పెద్ద అయస్కాంతానికి ఉత్తర దక్షిణ ధ్రువాలు స్థిరంగా ఉంటాయి. సుమారు ఇరవై నానోమీటర్లకు లోబడిన మాగ్నటైటు రేణువులో మాత్రం, గది వేడిమికే, ఆ దిశ ఎడతెగకుండా అటూ ఇటూ తిరగబడుతూ ఉంటుంది. బయట అయస్కాంతం ఉన్నంతసేపు అన్నీ ఒకే దిక్కుకు మొగ్గి గట్టిగా స్పందిస్తాయి. అయస్కాంతాన్ని తీసివేసిన మరుక్షణం ఏ రేణువు దారి దానిదే. ఇటువంటి రేణువుల సిద్ధాంతాన్ని 1949లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ వివరించినాడు. అయస్కాంత శాస్త్రంలో చేసిన కృషికి ఆయన 1970లో నోబెల్ బహుమానం అందుకున్నాడు. రక్తంలో ఈ గుణం ప్రాణరక్షకం. స్థిరమైన అయస్కాంతాలైతే ఒకదానినొకటి పట్టుకొని గుంపుకట్టి సన్ననాళాలను మూసివేయగలవు. పని అయిన వెంటనే బంధం విడిచిపెట్టే సేవకుడు వైద్యునికి కావాలి.

ఈ రేణువులను చేయడం కష్టమేమీ కాదు. ఇనుపలవణాలు రెండింటిని ఒకటికి రెండు పాళ్ళలో నీటిలో కలిపి, క్షారం చేర్చితే నల్లని అవక్షేపం దిగుతుంది. ఫ్రాన్సులో రెనె మస్సార్ 1981లో ఈ పద్ధతికి చక్కని రూపమిచ్చినాడు. ఒకే కొలతలో, ముత్యాల వలె సమంగా ఉండే రేణువులు కావాలంటే ఇనుప సమ్మేళనాన్ని అధిక ఉష్ణోగ్రత వద్ద నూనెజాతి ద్రవంలో విడగొట్టాలి. అప్పుడు ప్రతి రేణువు మీద ఓలియిక్ ఆమ్లం పొరగా పట్టుకుంటుంది. ఆలివు నూనెలోనూ, మన వంటింట్లోని వేరుసెనగ నూనెలోనూ ఉండే కొవ్వుఆమ్లమే అది. ఫలితం ఏమిటంటే, రేణువులు చూడముచ్చటగా వస్తాయి. కాని నూనె పూసుకున్న వస్తువులు గనుక నీటిలో కలవవు. రక్తం నీటిమయం. మళ్ళీ గొట్టపుదారి చిక్కే, మరొక రూపంలో.

ఇక్కడ సబ్బు జ్ఞాపకానికి రావాలి. జిడ్డుగిన్నెను నీళ్ళతో ఎంత కడిగినా జిడ్డు పోదు. సబ్బు తగిలితే పోతుంది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని కోరుతుంది, మరొక కొస నూనెను కోరుతుంది. నీటిలో తగినన్ని సబ్బు అణువులు చేరగానే, నీటిని సహించలేని తోకలన్నీ లోపలికి, నీటిని కోరే తలలన్నీ బయటికి ఉండేటట్లు అవి గుండ్రంగా గుమికూడతాయి. ఆ గుంపుకు మిసెల్ అని పేరు. జిడ్డు తోకల మధ్య చేరి, గుంపుతో పాటు నీటిలో కొట్టుకుపోతుంది. ఈ భావనను 1913లో మెక్‌బెయిన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించినాడు. ఈ దృష్టితో చూస్తే నూనె పూసుకున్న ఇనుప రేణువు కూడా ఒక జిడ్డుచుక్కే.

అయితే సబ్బునే రక్తంలోకి ఎక్కించరాదా అంటే, రాదు. సబ్బు ఎర్రకణాల పొరలను కూడా కరిగించివేస్తుంది. అదొక్కటే కాదు. సబ్బు మిసెల్ ఒక సంత వంటిది. జనం తగినంత ఉంటేనే సంత. నీరు పోసి పలుచన చేయగానే అణువులు విడిపోయి సంత చెదిరిపోతుంది. రక్తనాళంలోకి ఎక్కించిన మందు చుక్క అయిదు లీటర్ల రక్తంలో పలుచబడక తప్పదు. అందుకే శాస్త్రజ్ఞులు సబ్బు అణువుకు బదులు పాలిమర్ గొలుసులను పట్టుకున్నారు. ఒక గొలుసులో సగం నీటిని కోరే పాలిఇథిలీన్ గ్లైకాల్; మిగతా సగం నీటిని వర్జించే పాలిలాక్టిక్ ఆమ్లం గాని, అటువంటిదే మరొకటి గాని. గొలుసు పొడవైనది గనుక నీటిని సహించని భాగాల మధ్య పట్టు ఎక్కువ. సబ్బు మిసెల్ నిలవడానికి లీటరుకు గ్రాముల లెక్కన సబ్బు కావలసి ఉండగా, ఇటువంటి పాలిమర్ మిసెల్‌లు లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల వద్ద కూడా చెదరవు. ఇంచుమించు వెయ్యవ వంతు అన్నమాట. సంత కాదు, ఊరు.

తయారీ క్రమం వినడానికి వంటవలె ఉంటుంది. పాలిమర్‌ను, నూనెపొర గల రేణువులను రెండింటినీ కరిగించగల ఒక సేంద్రియ ద్రావణిలో కలుపుతారు. ఆ మిశ్రమాన్ని, గిరగిర తిరుగుతున్న నీటిలోకి బొట్టుబొట్టుగా వదులుతారు. నీటిని చూడగానే నీటిని సహించని గొలుసుభాగాలు ముడుచుకొని, తమవంటివే అయిన రేణువులను తమ మధ్యకు లాక్కుంటాయి. నీటిని కోరే భాగాలు బయటకు చాచుకొని కుచ్చువలె నిలుస్తాయి. ద్రావణిని ఆవిరిగానో, పలుచని పొరగుండా వడకట్టుట ద్వారానో తీసివేస్తే మిగిలేది టీ రంగు నీరు. రోజుల తరబడి నిలిపినా అడుగంటదు. అందులో ప్రతి మిసెల్ ఇరవై నుండి నూరు నానోమీటర్ల వరకు ఉండవచ్చు. కడుపులో ఒకటో, పదో, వందో ఇనుప రేణువులు ఉండవచ్చు. మందు అణువులను కూడా ఆ కడుపులోనే దాచవచ్చు. నీటిలో కరగక మొండికేసే కాన్సర్ మందులెన్నో ఉన్నాయి గనుక ఇది చిన్న ప్రయోజనం కాదు.

పాలిమర్ మిసెల్‌ను మందుల వాహనంగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు తోక్యోకు చెందిన కజునోరి కతావోకా. 1980ల చివర నుండి ఆయన, ఆయన సహచరులు ఈ పనిచేశారు. బైలాడిలా ఖనిజం ఓడలెక్కి చేరిన దేశంలోనే ఇది జరగడం కేవలం యాదృచ్ఛికం. కాని చెప్పుకోదగిన యాదృచ్ఛికం. దక్షిణ కొరియాలో 2007లో పాక్లిటాక్సెల్ అనే కాన్సర్ మందు మిసెల్ రూపంలో అనుమతి పొందినది. మన దేశం కూడా వెనుకబడలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అమర్‌నాథ్ మైత్రా, ఆయన శిష్యులు పెంపొందించిన పాలిమర్ మిసెల్ పరిజ్ఞానం ఆధారంగా డాబర్ సంస్థ అదే మందును ఇంచుమించు అదే కాలంలో నానోక్సెల్ అనే పేరుతో విపణిలోకి తెచ్చినది. ఈ రెండింటిలోనూ ఇనుము లేదు. తొడుగు మాత్రమే ఉన్నది. తొడుగులోకి ఇనుము చేరితే ఏమవుతుందో 2005లో అమెరికా పరిశోధకులు చూపించారు. రేణువులు విడివిడిగా ఉన్నప్పటికంటే ఒకే మిసెల్‌లో గుత్తిగా ఉన్నప్పుడు ఎం.ఆర్.ఐ. చిత్రంలో అవి ఎన్నోరెట్లు స్పష్టంగా, నల్లని మచ్చలుగా కనిపించాయి. చుట్టుపక్కల నీటి అణువుల లోని హైడ్రోజన్ సంకేతాన్ని ఆ గుత్తి త్వరగా చెదరగొట్టడమే దానికి కారణం.

చూడడం ఒక ప్రయోజనం. వేడి చేయడం మరొకటి. క్షణానికి లక్షసార్లు దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రంలో ఈ రేణువులు వేడెక్కుతాయి. కణితిలోని వేడిమి 42 నుండి 45 డిగ్రీలకు చేరితే కాన్సర్ కణాలు బలహీనపడతాయి. 1957లో గిల్‌క్రిస్టు అనే వైద్యుడు, ఆయన సహచరులు మొదలుపెట్టిన ఈ ఆలోచన 2010లో ఐరోపాలో మెదడు కణితుల చికిత్సగా అనుమతి పొందినది. అక్కడ వాడినది మిసెల్ తొడుగు కాదు, మరొకరకం పూత. మూడవది లాగడం: బయట అయస్కాంతం పెట్టి మందును కణితి వద్దకు చేర్చడం. పత్రికలవారికి అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే. వాస్తవంలో అన్నింటికన్నా వెనుకబడినదీ ఇదే. 1996లో బెర్లిన్‌లో పద్నాలుగు మంది రోగులపై ఈ ప్రయత్నం జరిగినది. ఇంచుమించు సగం మందిలోనే రేణువులు కణితి వద్ద చేరాయి. అయస్కాంత బలం దూరంతో పాటు శీఘ్రంగా క్షీణిస్తుంది. చర్మం కిందనున్న గడ్డను పట్టుకున్నంత సులభంగా కాలేయం లోతులలో ఉన్నదానిని పట్టుకోలేము.

శరీరం కూడా చేతులు కట్టుకొని ఊరకుండదు. రక్తంలోకి వచ్చిన ప్రతి అపరిచిత రేణువునూ కాలేయంలోని, ప్లీహంలోని భక్షకకణాలు పట్టి మింగివేస్తాయి. పాలిఇథిలీన్ గ్లైకాల్ కుచ్చు ఆ పట్టుబడటాన్ని ఆలస్యం చేస్తుంది, తప్పించదు. మింగబడిన ఇనుము క్రమంగా కరిగి శరీరపు సొంత ఇనుముతో కలిసిపోతుంది. ఇది ఇతర లోహాలకు లేని మేలు. కాలేయ చిత్రాల కోసం 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఒక ఇనుప ఆక్సైడు మందు పదేళ్ళు దాటిన తరువాత ఆదరణ లేక విపణి నుండి తప్పుకున్నది. 2009లో అనుమతి పొందిన ఫెరుమోక్సిటాల్ నిలబడినది. ఇది పిండిపదార్థపు పూత గల ఇనుప ఆక్సైడు రేణువు. మూత్రపిండాల వ్యాధిగ్రస్తుల రక్తహీనతకు సూదిమందు. 2015లో, కొందరిలో ప్రాణాపాయకరమైన అసహన ప్రతిక్రియలు కలగవచ్చునని దానిపై కఠినమైన హెచ్చరిక ముద్రింపజేశారు. ఇక ఇనుము నింపిన పాలిమర్ మిసెల్ మాటకు వస్తే, అది ప్రయోగశాలలలోను, జంతువులపై పరీక్షలలోను ఉన్న విద్య; ఆసుపత్రి మందుల గదిలోకి ఇంకా చేరలేదు.

ఇప్పుడు బస్తర్‌కు తిరిగి వద్దాం. ఒక మనిషి శరీరంలో ఇనుము మొత్తం మూడు నాలుగు గ్రాములు. ఓ మోస్తరు మేకుకు సరిపోయేంత. అందులో అధికభాగం రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఉన్నది. రక్తం అయస్కాంతానికి లొంగుతుందా అని 1845లోనే మైకేల్ ఫారడే పరీక్షించి చూచి, లొంగదని గమనించినాడు. 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోర్యెల్ కలిసి అసలు రహస్యం పట్టుకున్నారు: ప్రాణవాయువు నిండిన రక్తం అయస్కాంతాన్ని కొద్దిగా వికర్షిస్తుంది, ప్రాణవాయువు విడిచిన రక్తం కొద్దిగా ఆకర్షింపబడుతుంది. పదమూడేళ్ళ తరువాత, 1949లో, అదే పౌలింగ్ తన సహచరులతో కలిసి, కొడవలి కణ రక్తహీనత హీమోగ్లోబిన్ అణువులోని దోషం వల్ల వస్తున్నదని నిరూపించినాడు. ఒక వ్యాధిని ఒక అణువు దాకా వెదకి పట్టుకోవడం వైద్యచరిత్రలో అదే మొదలు.

ఆ వ్యాధి బస్తర్‌కు దూరపు వార్త కాదు. మధ్యభారతపు గిరిజన సమాజాలలో కొడవలి కణ దోషం విస్తారంగా ఉన్నది. మలేరియా వందల తరాలుగా రాజ్యమేలిన ప్రాంతాలలోనే ఇది నిలిచినదంటే కారణం ఉన్నది: తల్లిదండ్రులలో ఒక్కరి నుండి మాత్రమే దోషం సంక్రమించిన బిడ్డకు ప్రాణాంతక మలేరియా నుండి చాలావరకు రక్షణ కలుగుతుంది, ఇద్దరి నుండీ సంక్రమించిన బిడ్డ ఆ రక్షణకు మూల్యం చెల్లిస్తున్నది. కీళ్ళలో, ఎముకలలో సహింపరాని నొప్పి, మాటిమాటికి రక్తహీనత, అకాల మరణం. ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలివలె వంగిన ఈ కణాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో ఒక దిశకు మళ్ళుతాయని 1965లో మకియో మురయామా గమనించినాడు. మలేరియా క్రిమి సంగతి మరింత చిత్రం. అది ఎర్రకణంలో చేరి హీమోగ్లోబిన్‌ను భుజిస్తుంది. మిగిలిన ఇనుపభాగం తనకే విషం గనుక దానిని గోధుమవర్ణపు స్ఫటికాలుగా మార్చి పక్కన పెడుతుంది. హీమోజాయిన్ అనే ఆ స్ఫటికాలు అయస్కాంతానికి ఆకర్షింపబడతాయి. ఆ గుణాన్ని ఆధారం చేసుకొని పరిశోధకులు, మలేరియా సోకిన కణాలను అయస్కాంత నాళికలో నిలిపి, ఆరోగ్యకరమైన కణాల నుండి వేరుచేస్తున్నారు. అంటే బస్తర్ పల్లెలోని జ్వరపీడితుని రక్తంలో ఏ ప్రయోగశాలా తయారుచేయని అయస్కాంత రేణువులు ముందే ఉన్నాయి.

బస్తర్ రక్తహీనత గురించి మాట్లాడేవారు తరచు చేసే పొరపాటు ఒకటి కలదు. ఇనుప కొండ పక్కన ఇనుము చాలని రక్తం అన్న వాక్యం సభలలో బాగా పండుతుంది. కాని రాతిలోని ఇనుము పేగుకు ఎక్కదు; పైగా అక్కడి రక్తహీనత అంతా ఇనుము కొరత కాదు. కొంత ఆహారలోపం, కొంత మలేరియా, కొంత కొంకిపురుగులు, కొంత కొడవలి కణ దోషం. మాటిమాటికి రక్తం ఎక్కించుకున్న కొడవలి కణ రోగి కాలేయంలో ఇనుము తక్కువ కాదు, ఎక్కువై పేరుకుపోతుంది. అటువంటివారికి ఎం.ఆర్.ఐ. యంత్రం కాలేయంలోని ఇనుమును సూది గుచ్చకుండానే కొలిచి చెప్పగలదు. బయట నుండి ఏ రేణువునూ పంపనవసరం లేదు, రోగి సొంత ఇనుమే చిత్రాన్ని నల్లబరుస్తుంది. కాబట్టి ఎంత గొప్ప తొడుగులో పెట్టిన ఇనుమైనా, ఎవరి రక్తహీనత ఏ జాతిదో తేల్చకముందు ఇవ్వడం అవివేకం. 2023 జూలై 1న షాహ్‌డోల్‌లో ఆరంభమైన జాతీయ కొడవలి కణ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం నలభై ఏళ్ళ లోపు వయసున్న ఏడు కోట్ల మందిని పరీక్షించాలని సంకల్పించడంలోని ఔచిత్యం ఇదే. మందుకన్నా ముందు పరీక్ష.

2020 జనవరిలో బస్తర్‌లో మొదలైన మలేరియా విముక్తి ఉద్యమంలోనూ ఇదే క్రమం పాటించారు. జ్వరం వచ్చినవారి కోసం ఆసుపత్రిలో కూర్చోకుండా, వాగులు దాటి, గుట్టలెక్కి, ఇంటింటికి వెళ్ళి అందరి రక్తమూ పరీక్షించారు. జ్వరమే లేని ఎందరిలోనో క్రిమి బయటపడినది. ఒంట్లో బాధ లేదు గనుక వారు వైద్యుని వద్దకు రారు. వారి నుండి దోమ క్రిమిని మరొకరికి చేరుస్తూనే ఉంటుంది.

నానో విద్య బస్తర్ పల్లెకు ఎప్పుడు చేరుతుందని అడిగేవారికి ఇక్కడ ఒక సమాధానం దొరుకుతుంది. అది చేరే ఉన్నది. ఇనుము రూపంలో కాదు, బంగారం రూపంలో. 2002లో ఛత్తీస్‌గఢ్ ప్రారంభించిన ఆరోగ్య కార్యకర్తలను 'మితానిన్' అంటారు; ఛత్తీస్‌గఢీలో నెచ్చెలి అని అర్థం. మితానిన్ సంచిలోని మలేరియా పరీక్షపట్టీ మీద వేలి కొస నుండి ఒక నెత్తుటి బొట్టు, దాని వెంట కొద్ది చుక్కల ద్రవం వేస్తారు. పట్టీలో ముందే అద్ది ఉంచిన ప్రతిరక్షక అణువులకు కొన్ని పదుల నానోమీటర్ల బంగారు రేణువులు అంటించి ఉంటాయి. ఆ పరిమాణంలో బంగారం పసుపుగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. క్రిమికి చెందిన ప్రొటీను రక్తంలో ఉంటే బంగారు రేణువులు దానిని పట్టుకొని, కాగితం వెంట పాకి, ఒక గీత వద్ద ఆగి గుమికూడతాయి. కాగితానికి విద్యుత్తు అక్కరలేదు, సూక్ష్మదర్శిని అక్కరలేదు. పరీక్ష సరిగా జరిగితే ఒక గీత ఎప్పుడూ పడుతుంది. పదిహేను ఇరవై నిమిషాలకు రెండవ గీత కూడా తేలితే మితానిన్ అదే సంచిలోనుండి మందు తీసి, మొదటి మోతాదును తన ఎదుటనే మింగిస్తుంది.